ఒకే బైనరీ, నాలుగు తరాల లినక్స్: జీలిబ్‌సీ వెర్షన్ల పేచీపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులో సోర్స్ కోడ్‌లో ఒక్క పంక్తి కూడా మారలేదు. మారినది దాన్ని కంపైల్ చేసే, అంటే నడిచే ఫైల్‌గా (బైనరీగా) మార్చే మెషీన్ ఒక్కటే. ఏళ్ల తరబడి నాలుగు రకాల లినక్స్ సిస్టంల మీద నిక్షేపంగా నడిచిన ప్రోగ్రామ్, కొత్త మెషీన్ మీద బిల్డ్ చేసిన మొదటి విడుదలతోనే నాలుగు చోట్లా మొరాయించింది. ఆ పని నా చేతికి వచ్చిన నాటి నుంచి చివరి సిస్టం మీద ప్రోగ్రామ్ సరిగా నడిచేదాకా ఏం చేశామో, ఏయే దారులు ఎందుకు మూసుకుపోయాయో ఇక్కడ రాస్తున్నాను. విఫలమైన ప్రయత్నాలకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఎందుకంటే ఈ సమస్య ఎదురైన ప్రతివారూ ముందు తొక్కేది ఆ దారులే.

ప్రోగ్రామ్ స్వరూపం

ఇది ప్రయోగశాల పరికరాల నుంచి కొలతలను చదివి, వాటిపై లెక్కలు చేసి, ఫలితాలను ఎన్‌క్రిప్షన్ ఉన్న కనెక్షన్ మీద కేంద్ర సర్వర్‌కు పంపే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్. స్థానిక నిల్వకు ఎస్‌క్యూలైట్‌ను, నెట్‌వర్క్ పనికి కర్ల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలను వాడుకుంటుంది. ఒక్కో రకం పరికరానికి ఒక్కో ప్లగిన్ ఉంటుంది. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు డీఎల్‌ఓపెన్ ద్వారా దాన్ని లోడ్ చేసుకుంటుంది. వీటిలో కొన్ని ప్లగిన్లను పరికరాల తయారీదారులు బైనరీ రూపంలోనే ఇచ్చారు, వాటి సోర్స్ మా దగ్గర లేదు. ఈ చిన్న వివరమే చివరికి చాలా నిర్ణయాలను శాసించింది.

నడవాల్సిన సిస్టంలు నాలుగు రకాలు: సెంట్‌ఓఎస్ 7, డెబియన్ 10, ఉబుంటు 20.04, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9. దాదాపు ప్రతి లినక్స్ ప్రోగ్రామ్ ఆధారపడే సీ భాష ప్రాథమిక లైబ్రరీ జీలిబ్‌సీ. వీటిలో దాని వెర్షన్లు వరుసగా 2.17, 2.28, 2.31, 2.34. పరికరాల డ్రైవర్లు ఆయా సిస్టంలకే ముడిపడి ఉన్నందున వాటిని అప్‌గ్రేడ్ చేసే అధికారం గానీ అవకాశం గానీ మాకు లేదు. ఇంతకాలం మా బిల్డ్ మెషీన్ కూడా సెంట్‌ఓఎస్ 7 మీదే ఉండేది. 2024 జూన్ 30తో దానికి మద్దతు ముగిసిపోవడంతో ఆ మెషీన్‌ను తీసేసి, దాని స్థానంలో ఉబుంటు 22.04 పెట్టారు. భద్రత కోణంలో అది సరైన నిర్ణయమే. అయితే ఆ పాత మెషీన్ కేవలం కంపైలర్ నడిపే పెట్టె కాదనీ, మా బైనరీ ఎంత పాత సిస్టం మీద నడవగలదో నిర్ణయిస్తున్నది కూడా అదేననీ అప్పటికి ఎవరికీ తట్టలేదు.

మొదటి లక్షణాలు, తప్పుదారి పట్టించిన సందేశాలు

సెంట్‌ఓఎస్ 7 నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదులో జీలిబ్‌సీ ప్రస్తావనే లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడో వెర్షన్ లైబ్రరీ ఫైల్ దొరకలేదని మాత్రమే ఉంది. ప్రోగ్రామ్‌నూ దాని లైబ్రరీలనూ మెమరీలోకి తెచ్చే లోడర్ ముందుగా బైనరీ అడిగిన ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది, ఆ తర్వాతే వెర్షన్లను సరిపోల్చుతుంది. కనుక ఫైల్ లేదన్న దగ్గరే ఆగిపోయి, అసలు జబ్బును బయటపెట్టలేదు. అక్కడి నిర్వాహకుడు మంచి ఉద్దేశంతోనే వేరే మెషీన్ నుంచి ఆ ఫైల్‌ను తెచ్చి పెట్టారు. అప్పుడు జీలిబ్‌సీ 2.34 లేదన్న సందేశం వచ్చింది. అందులో సగం ఫిర్యాదులు మా ప్రోగ్రామ్ గురించి, మిగతావి ఆయన తెచ్చిన ఫైల్ గురించి. ఒక ఫైల్ తెస్తే అది ఇంకో ఫైల్‌ను అడుగుతుంది, దానికి అంతు ఉండదు.

నాకు ఆశ్చర్యం కలిగించినది రెడ్ హ్యాట్ 9. అక్కడ జీలిబ్‌సీ 2.34 ఉంది, మా బిల్డ్ మెషీన్ మీద 2.35 ఉన్నా బైనరీ నిజంగా అడిగిన అత్యధిక వెర్షన్ 2.34 మాత్రమే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కూడా రెండు చోట్లా మూడో వెర్షనే. కంపైలర్ జీసీసీ కూడా రెండు చోట్లా 11. అయినా నడవలేదు. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో 3.4.30 అనే వెర్షన్ ముద్ర (ఫంక్షన్ ఏ వెర్షన్‌దో చెప్పే గుర్తు) లేదని లోడర్ అభ్యంతరం. కారణం తవ్వితే తేలిందేమిటంటే, ఉబుంటు 22.04లో కంపైలర్ జీసీసీ 11 అయినా, సిస్టం మొత్తానికి ఉన్న ప్రామాణిక లైబ్రరీ జీసీసీ 12 నుంచి వచ్చింది. ఆ 12లో కండిషన్ వేరియబుల్ తాలూకు వెయిట్ ఫంక్షన్‌కు కొత్త వెర్షన్ ముద్ర పడింది. మా ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు ఆ ఫంక్షన్‌ను వాడతాయి, కాబట్టి ప్రోగ్రామ్‌ను లైబ్రరీలతో జతచేసే లింకర్ కొత్త ముద్రనే అంటించింది. కంపైలర్ వెర్షన్ చూసి ప్రామాణిక లైబ్రరీ వెర్షన్‌ను ఊహించకూడదని అప్పుడు తెలిసొచ్చింది.

బైనరీ నిజంగా ఏం అడుగుతోంది

ఇక్కడ కాసేపు యంత్రాంగం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు. జీలిబ్‌సీలోని ప్రతి ఫంక్షన్ పేరుకూ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. ఒక ఫంక్షన్ ప్రవర్తన మారితే పాత రూపాన్ని పాత ముద్రతో అలాగే ఉంచి, కొత్త రూపాన్ని కొత్త ముద్రతో చేరుస్తారు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ మెమ్‌కాపీ. ఒకదానిపై ఒకటి పడే మెమరీ ప్రాంతాల మధ్య నకలుకు ఆ ఫంక్షన్‌ను వాడకూడదని నియమం ఉన్నా, కొన్ని ప్రోగ్రామ్‌లు అలాగే వాడుతూ బతికిపోయాయి; వేగవంతమైన కొత్త అమలు రాగానే అవి దెబ్బతిన్నాయి. అందుకే 2011లో వచ్చిన 2.14లో, 64 బిట్ ఎక్స్86 మీద మెమ్‌కాపీకి కొత్త ముద్ర వేసి, 2.2.5 ముద్ర ఉన్న పాతదాన్ని సురక్షితమైన మెమ్‌మూవ్ ప్రవర్తనతో నిలిపి ఉంచారు. ఈ ఏర్పాటు వల్ల పాత బైనరీ కొత్త సిస్టం మీద నడుస్తుంది. తిరగేస్తే నడవదు, ఎందుకంటే లింక్ చేసే సమయంలో లింకర్ తన ముందున్న లైబ్రరీలోని సరికొత్త ముద్రనే ఎంచుకుంటుంది, ప్రోగ్రామ్‌కు నిజంగా ఆ కొత్త ప్రవర్తన అవసరమా అని అడగదు.

మా బైనరీని, ఫైల్ లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్ సాధనంతో తెరిచి, అది అడిగే ముద్రలను పెద్దవి ముందు వచ్చేలా పేర్చి చూశాం. సాధారణంగా ఈ పనికి అందరి చెయ్యీ, బైనరీకి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ వైపు వెళ్తుంది. కానీ అది చాలా సందర్భాల్లో అసలు లోడర్‌నే ఆ ఫైల్ మీద నడిపిస్తుంది కాబట్టి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని బైనరీ మీద దాన్ని ప్రయోగించకపోవడం మంచిది. ఆబ్జ్‌డంప్, అలాంటిదే అయిన రీడ్ఎల్ఫ్ ఫైల్‌ను చదివి ఊరుకుంటాయి.

జాబితా చూస్తే ఒక్కో పేరు వెనుకా ఒక్కో చరిత్ర ఉంది. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే లిబ్‌సీ స్టార్ట్ మెయిన్, థ్రెడ్ సృష్టించే ఫంక్షన్, డీఎల్‌ఓపెన్ మూడూ 2.34 ముద్రతో ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన ఆ విడుదలలో, అంతవరకూ విడి ఫైళ్లుగా ఉన్న పీథ్రెడ్ (థ్రెడ్లకు), డీఎల్ (ప్లగిన్ల లోడింగ్‌కు) లైబ్రరీలను ప్రధాన లైబ్రరీలో కలిపేశారు; ప్రోగ్రామ్ ప్రారంభ విధానాన్నీ మార్చారు. అందువల్ల 2.34 లేదా ఆ పైన లింక్ చేసిన ప్రోగ్రామ్, ఏమీ చేయని ఖాళీ మెయిన్ ఫంక్షన్ అయినా సరే, 2.34 కంటే పాత సిస్టం మీద అడుగు కదపదు. ఫైల్ వివరాలు ఇచ్చే స్టాట్ 2.33ను, పవర్, ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్లు 2.29ను, ఎస్‌క్యూలైట్ తెచ్చిన 64 బిట్ ఎఫ్‌సీఎన్‌టీఎల్ (తెరిచిన ఫైళ్లను నియంత్రించే ఫంక్షన్) 2.28ను అడుగుతున్నాయి. వీటిలో ఒక్కదాని కొత్త ప్రవర్తనా మాకు అవసరం లేదు.

దగ్గరి దారులు

కొత్త జీలిబ్‌సీని ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో దానివైపు చూపించడం అందరికీ మొదట తట్టే ఉపాయం. మేమూ చేశాం. ప్రోగ్రామ్ మొదలవకముందే కుప్పకూలింది. అంతేకాక అదే షెల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కూడా పనిచేయడం మానేసింది. కారణం ఏమిటంటే, జీలిబ్‌సీ అంటే ఒక ఫైల్ కాదు, లోడర్‌తో సహా ఒక కుటుంబం. లోడర్‌కూ ప్రధాన లైబ్రరీకీ మధ్య ప్రైవేట్ ముద్రతో నడిచే లోపలి ఒప్పందాలు ఉంటాయి, అవి ప్రతి విడుదలకూ మారవచ్చు. లోడర్ దారి మాత్రం బైనరీ లోపలే పూర్తి చిరునామాగా రాసి ఉంటుంది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దాన్ని మార్చలేదు. ఫలితంగా 2.17 లోడర్, 2.35 లైబ్రరీ ఒకే ప్రాసెస్‌లో చేరాయి.

ఈలోగా మా పరీక్ష మెషీన్ మీద మరొకరు ఇంకో అడుగు ముందుకు వేసి, సిస్టం ఫోల్డర్‌లోని లిబ్‌సీ సింబాలిక్ లింక్‌నే (అసలు ఫైల్‌కు దారి చూపే పేరునే) కొత్త ఫైల్‌కు మళ్లించారు. మరుక్షణం ఆ మెషీన్ మీద ఏ కమాండూ నడవలేదు. కొత్తగా లాగిన్ అవడమూ కుదరలేదు. అదృష్టవశాత్తూ ఒక రూట్ షెల్ తెరిచి ఉంది. పాత 2.17 ఫైల్ అసలు పేరుతో ఇంకా డిస్క్ మీదే ఉంది కాబట్టి, దాన్ని ఎల్‌డీ ప్రీలోడ్ ద్వారా బలవంతంగా ముందు లోడ్ చేయించి లింక్‌ను తిరిగి పాతదారికి తెచ్చాం. జీలిబ్‌సీతో పాటు ఎస్‌ఎల్‌ఎన్ అనే, వేరే లైబ్రరీలు అక్కర్లేకుండా (స్టాటిక్‌గా) లింకులు సృష్టించే చిన్న సాధనం ఇలాంటి వేళకే వస్తుంది. ఆ సంగతి నాకు మర్నాడు గుర్తొచ్చింది.

మూడో ప్రయత్నం కొంత గౌరవప్రదమైనది. ప్యాచెల్ఫ్ అనే సాధనంతో బైనరీ లోపలి లోడర్ దారిని మార్చి, లోడర్‌తో సహా జీలిబ్‌సీ కుటుంబాన్నంతటినీ ప్రోగ్రామ్ పక్కనే పెట్టాం. ప్రోగ్రామ్ లేచింది, కొలతలు కూడా చదివింది. కానీ కొన్ని గంటల తర్వాత వినియోగదారుల పేర్లను గుర్తించడం లేదని తేలింది. పేర్లు, హోస్ట్ చిరునామాల వెతుకులాటకు జీలిబ్‌సీ ఎన్‌ఎస్‌ఎస్ మాడ్యూళ్లను నడుస్తుండగా లోడ్ చేసుకుంటుంది. ఆ సైట్‌లో వినియోగదారుల ఖాతాలు కేంద్ర డైరెక్టరీ నుంచి వస్తాయి, దానికి సంబంధించిన మాడ్యూల్ సిస్టం ఫోల్డర్‌లో ఉంది. మేము వెంట తెచ్చిన కుటుంబంలో అది లేదు. ఎర్రర్ సందేశం ఏదీ రాలేదు, పేరు దొరకలేదని మాత్రమే జవాబు వచ్చింది. నిశ్శబ్దంగా తప్పు చేసే పరిష్కారం కంటే మొదలవకుండా ఆగిపోయే సమస్యే నయమని దీన్ని పక్కన పెట్టాం.

నాలుగోది, ముద్రలను చెరిపేయడం. ప్యాచెల్ఫ్‌తో కొన్ని సింబళ్ల (ఫంక్షన్ పేర్ల వంటివాటి) వెర్షన్ ముద్రలను తుడిచేయవచ్చు. పవర్, ఎక్స్‌పొనెన్షియల్ వంటి వాటికి ఇది నెట్టుకొచ్చింది. పీథ్రెడ్ ప్రధాన లైబ్రరీలో కలిసిపోయిన రోజుల్లో లింక్ అయినందున మా బైనరీలో ఆ పాత ఫైల్ పేరే లేదు, దాన్ని కూడా చేతితో చేర్చాం. అయినా మొదటి గ్లోబల్ ఆబ్జెక్ట్‌ను ముట్టుకోగానే ప్రోగ్రామ్ కూలిపోయింది. ఇందులోని మెలిక నాకు బాగా నచ్చింది. పాత పద్ధతిలో, గ్లోబల్ ఆబ్జెక్టులను సిద్ధం చేసే కన్‌స్ట్రక్టర్లను పిలిచే ఫంక్షన్ చిరునామాను ప్రోగ్రామే స్టార్ట్ మెయిన్‌కు అందించేది. 2.34 నుంచి ఆ బాధ్యతను లైబ్రరీ తనే తీసుకుంది, కాబట్టి కొత్త ప్రారంభ కోడ్ ఆ స్థానంలో సున్నా పంపిస్తుంది. పాత లైబ్రరీ ఆ సున్నాను చూసి, పిలవాల్సిందేమీ లేదనుకుని నేరుగా మెయిన్‌లోకి వెళ్లిపోయింది. ముద్రను అంత పట్టుదలగా ఎందుకు తనిఖీ చేస్తారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కంటైనర్, పూర్తి స్టాటిక్ లింకింగ్

ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లైబ్రరీలతో సహా కంటైనర్‌లో పెట్టి పంపితే ఈ గొడవ ఉండదు కదా అని సహజంగానే అడిగారు. జీలిబ్‌సీ గొడవ ఉండదు, కానీ కెర్నల్ మాత్రం హోస్ట్‌దే, అంటే కంటైనర్‌ను నడిపే మెషీన్‌దే. సెంట్‌ఓఎస్ 7 సైట్‌లో ఉన్న పాత డాకర్ (కంటైనర్లను నడిపే సాధనం) మీద ఉబుంటు 22.04 కంటైనర్ నడిపితే ప్రోగ్రామ్ మొదటి థ్రెడ్ దగ్గరే అనుమతి లేదన్న తప్పుతో ఆగింది. జీలిబ్‌సీ 2.34 నుంచి థ్రెడ్ సృష్టికి ముందుగా క్లోన్3 అనే సిస్టం కాల్‌ను (కెర్నల్‌కు చేసే అభ్యర్థనను) ప్రయత్నిస్తుంది; అలాంటి కాల్ లేదని జవాబు వస్తే పాత క్లోన్‌కు మళ్లుతుంది. 20.10.10కి ముందున్న డాకర్‌లో సిస్టం కాల్స్‌ను అడ్డగించే సెక్‌కాంప్ వడపోత, తనకు తెలియని ఆ కాల్‌కు లేదని కాక అనుమతి లేదని జవాబిస్తుంది. అప్పుడు జీలిబ్‌సీ వెనక్కి తగ్గే మార్గమే మూసుకుపోతుంది. వడపోతను తీసేసి నడపవచ్చు, కానీ పరికరాలకు నేరుగా తగిలే ప్రోగ్రామ్‌కు అప్పటికే అదనపు హక్కులు ఇవ్వాల్సి వస్తోంది. వాటికి తోడు ఇదీ తీసేయమని ఆ సైట్ వారిని అడగడానికి నాకు మనసొప్పలేదు.

పూర్తిగా స్టాటిక్‌గా లింక్ చేయడం, అంటే లైబ్రరీలన్నింటినీ బైనరీలోనే కలిపేయడం గురించి ఎక్కువ చర్చ అవసరం రాలేదు. జీలిబ్‌సీకి ప్రత్యామ్నాయమైన మజల్ లైబ్రరీతో స్టాటిక్‌గా కట్టిన ప్రోగ్రామ్ డీఎల్‌ఓపెన్ చేయలేదు, మా ప్లగిన్లన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. జీలిబ్‌సీని స్టాటిక్‌గా లింక్ చేస్తే, ఎన్‌ఎస్‌ఎస్ మాడ్యూళ్ల కోసం లింక్ చేసిన అదే వెర్షన్ హోస్ట్ మీదా ఉండాలని లింకరే హెచ్చరిస్తుంది. అంటే తిరిగి మొదటికే వచ్చినట్టు. ప్లగిన్లు లేని, పేర్ల వెతుకులాట లేని చిన్న సాధనానికైతే నేను మజల్‌నే ఎంచుకునేవాడిని.

పాతదాని మీద కట్టడం

చివరికి చేసింది, గతంలో యాదృచ్ఛికంగా జరుగుతున్నదాన్ని ఇప్పుడు తెలిసి చేయడమే. బిల్డ్ మెషీన్ ఉబుంటు 22.04గానే ఉంది, దాని మీద ఒక కంటైనర్‌లో సెంట్‌ఓఎస్ 7 వాతావరణం నడుస్తుంది, కంపైలేషన్, లింకింగ్ అంతా అందులోనే. పైథాన్ ప్రపంచంలో మెనీలినక్స్ 2014 పేరుతో బైనరీ ప్యాకేజీలకు ఇదే 2.17 నేలమట్టాన్ని (కనీస వెర్షన్‌ను) ప్రమాణంగా పెట్టుకున్నారు. వారి బిల్డ్ ఇమేజ్‌లో జీసీసీ 10తో కూడిన డెవ్‌టూల్‌సెట్ (పాత సిస్టం మీద కొత్త కంపైలర్ వాడనిచ్చే ప్యాకేజీ) సిద్ధంగా ఉంటుంది కనుక మేమూ దాన్నే ఆధారం చేసుకున్నాం. మద్దతు ముగిశాక సెంట్‌ఓఎస్ 7 ప్యాకేజీలు ఆర్కైవ్ సర్వర్‌కు తరలిపోయాయి కాబట్టి, ఇమేజ్‌తో పాటు మాకు కావలసిన ప్యాకేజీల నకలును మా దగ్గరే భద్రపరిచాం. భద్రతా సవరణలు రాని సిస్టంను నెట్‌వర్క్‌కు తెరిచి ఉంచడం వేరు, బయటికి దారిలేని కంటైనర్‌లో కంపైలర్ నడపడం వేరు. ఈ తేడాను వివరించాకే పాత మెషీన్‌ను తీసేయించినవారు ఒప్పుకున్నారు.

డెవ్‌టూల్‌సెట్‌లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో సెంట్‌ఓఎస్ 7లో ఉన్న భాగాన్ని, అంటే 3.4.19 ముద్ర వరకూ, హోస్ట్ నుంచే తీసుకుని, అంతకంటే కొత్త భాగాలను మాత్రం బైనరీలోకే స్టాటిక్‌గా కలిపేస్తుంది. అందువల్ల జీసీసీ 10 సౌకర్యాలు వాడుతూనే 2014 నాటి సిస్టం మీద నడిచే బైనరీ వస్తుంది. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: స్ట్రింగ్, లిస్ట్ వంటి వాటికి జీసీసీ 5తో వచ్చిన కొత్త ఏబీఐ (కంపైలైన కోడ్ భాగాలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి) ఇందులో దొరకదు, పాతదే వాడాలి.

ఆ మూల్యం మాకు రెడ్ హ్యాట్ 9 సైట్‌లో ఎదురైంది. అక్కడి తయారీదారు ఇచ్చిన ప్లగిన్ ఆ సిస్టం మీదే కొత్త ఏబీఐతో కంపైల్ అయింది. మా ప్రోగ్రామ్ ప్లగిన్లకు అందించే ఫంక్షన్లలో ఒకటి స్ట్రింగ్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటుంది. ఏబీఐ మారితే ఆ ఫంక్షన్ లోపలి పేరే మారిపోతుంది, కాబట్టి ప్లగిన్ వెతికిన పేరు మా దగ్గర లేదు. ఇది ప్లగిన్ లోడ్ అయినప్పుడు కాక, ఆ ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు బయటపడింది. ఎందుకంటే మేము ప్లగిన్లను లేజీ బైండింగ్‌తో (పిలిచినప్పుడే పేరును వెతికే పద్ధతిలో) లోడ్ చేస్తున్నాం. పరిష్కారంగా ప్లగిన్లకూ ప్రోగ్రామ్‌కూ మధ్య సరిహద్దును పూర్తిగా సీ భాషకు మార్చాం: స్ట్రింగ్ బదులు పాయింటర్, పొడవు, ఎక్సెప్షన్ బదులు ఎర్రర్ సంఖ్య. తయారీదారు ఆ మేరకు ప్లగిన్‌ను మళ్లీ కంపైల్ చేసి ఇచ్చారు. నిజానికి మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది.

జీలిబ్‌సీని హోస్ట్‌కే వదిలేశాం గానీ, దాని పైనున్న లైబ్రరీలను వదలలేం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలో నాలుగు సిస్టంల మధ్య మూడు వేర్వేరు తరాలున్నాయి: సెంట్‌ఓఎస్ 7లో 1.0.2, డెబియన్ 10లో, ఉబుంటు 20.04లో 1.1.1, రెడ్ హ్యాట్ 9లో 3. కాబట్టి కర్ల్‌నూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నూ స్టాటిక్‌గా కలిపేశాం. దీంతో వాటి భద్రతా సవరణల బాధ్యత డిస్ట్రోల (లినక్స్ పంపిణీల) నుంచి మా మెడకు చుట్టుకుంది. ఇది చిన్న విషయం కాదు, విడుదలల పట్టికలో దానికి విడిగా చోటు కేటాయించాల్సి వచ్చింది. వెంటనే రెండు చిక్కులూ వచ్చాయి.

మొదటిది సులువు. స్టాటిక్‌గా కట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, విశ్వసనీయ సర్టిఫికెట్ల కోసం తనను కంపైల్ చేసినప్పుడు రాసుకున్న ఫోల్డర్‌నే వెతుకుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ జాబితా ఒకచోట, డెబియన్ కుటుంబంలో ఇంకోచోట ఉంటుంది. మేము కంపైల్ చేసిన దారిలో ఎక్కడా లేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు రెండు చోట్లా చూసి, ఉన్నదాన్ని కర్ల్‌కు చెప్పే కొద్దిపాటి కోడ్‌తో ఇది తీరింది.

రెండోది మూడు రోజులు తినేసింది. సెంట్‌ఓఎస్ 7 మీద ఒక ప్లగిన్ లోడ్ అవగానే ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయేది, అదీ సంబంధం లేనట్టు కనిపించే చోట. ఆ ప్లగిన్ స్వయంగా సిస్టంలోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2ను వాడుతుంది. ప్లగిన్లు మా ఫంక్షన్లను పిలవడానికి వీలుగా ప్రోగ్రామ్‌ను ఆర్‌డైనమిక్ ఐచ్ఛికంతో లింక్ చేసేవాళ్లం. అది ప్రోగ్రామ్‌లోని సింబళ్లన్నింటినీ బయటికి కనిపించేలా చేస్తుంది, స్టాటిక్‌గా కలిపిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 సింబళ్లతో సహా. సింబల్ వెతుకులాటలో ప్రధాన ప్రోగ్రామ్‌దే మొదటి స్థానం. అందుకని ప్లగిన్ 1.0.2 అనుకుని పిలిచినవి మా 3లోకి వచ్చి పడ్డాయి, లోపలి నిర్మాణాలు కలవక మెమరీ చెడిపోయింది. ఎల్‌డీ డీబగ్ వేరియబుల్‌తో బైండింగ్‌ల చిట్టా తీశాకే ఏ పేరు ఎవరికి తగులుకుందో కనిపించింది. ఆర్‌డైనమిక్‌ను తీసేసి, ప్లగిన్లకు నిజంగా కావలసిన పేర్లను మాత్రమే డైనమిక్ లిస్ట్ ఫైల్‌లో రాసి లింకర్‌కు ఇచ్చాం.

ప్లగిన్ల వెంట వచ్చే మరికొన్ని షేర్డ్ లైబ్రరీలను ప్రోగ్రామ్ పక్క ఫోల్డర్‌లోనే పెట్టి, ఆరిజిన్ (ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్) ఆధారంగా దారి చూపించాం. కొత్త లింకర్లు రాసే రన్‌పాత్ అనే వెతుకులాట దారి ఆ ఫైల్ నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, వాటికి కావలసిన వాటికి వర్తించదు. మాకు రెండోదే కావాలి కాబట్టి పాత ఆర్‌పాత్‌ను రాయమని లింకర్‌ను ఆదేశించాం.

తనిఖీ

బిల్డ్ చివర ఒక చిన్న స్క్రిప్ట్ చేర్చాం. తయారైన ప్రతి ఫైల్‌నూ ఆబ్జ్‌డంప్‌తో చదివి, జీలిబ్‌సీ ముద్ర 2.17ను, సీ ప్లస్ ప్లస్ ముద్ర 3.4.19ను మించితే విడుదలను ఆపేస్తుంది. చేర్చిన కొద్ది రోజులకే, ఎవరో వేరే మెషీన్ మీద కట్టి రిపాజిటరీలో పెట్టిన ఒక షేర్డ్ లైబ్రరీని పట్టుకుంది. స్టాటిక్ ఆర్కైవ్‌ల (బైనరీలోనే కలిపేసే లైబ్రరీ ఫైళ్ల) సంగతి వేరు, అలాంటిదొకటి 2.38 హెడర్లతో కంపైల్ అయి వచ్చినప్పుడు, అంకెల మార్పిడి ఫంక్షన్‌కు సీ భాష తాలూకు సీ23 ప్రమాణం కోసం పెట్టిన కొత్త పేరును అడిగింది, పాత లైబ్రరీలో అది లేక లింకింగే ఆగిపోయింది. పాతదాని మీద కట్టడంలో ఉన్న సుఖం ఇదే: తప్పు సైట్‌లో కాక మన ముందే బయటపడుతుంది.

అయితే ముద్రలు సరిపోయినంత మాత్రాన ప్రతి సింబల్ ఉన్నట్టు కాదు. పరీక్షల్లో ఎల్‌డీ బైండ్ నౌ వేరియబుల్ పెట్టి, సింబళ్లన్నీ మొదట్లోనే కట్టుబడేలా చేసి, నాలుగు సిస్టంల మీదా నిజమైన కొలతల ఫైళ్లతో ప్రోగ్రామ్‌ను చివరిదాకా నడిపాం. వెర్షన్ సంఖ్య చూపించి నిష్క్రమించే పరీక్ష ఈ పనికి ఏమాత్రం చాలదు.

ఆ పరీక్షల్లోనే ఊహించని తేడా ఒకటి కనిపించింది. సెంట్‌ఓఎస్ 7 ఫలితాలకూ మిగతా మూడింటి ఫలితాలకూ మధ్య, కొన్ని వరుసల్లో దశాంశాల చిట్టచివరి అంకె వేరుగా ఉంది. బైనరీ ఒకటే, ఇన్‌పుట్ ఒకటే. గణిత లైబ్రరీ మాత్రం హోస్ట్‌ది. 2.28లో ఎక్స్‌పొనెన్షియల్, లాగరిథం, పవర్ ఫంక్షన్లను కొత్తగా రాశారు. పాతవి చాలా నెమ్మదైన అదనపు దారిలో వెళ్లి సాధించే చివరి బిట్ కచ్చితత్వాన్ని వదులుకుని, దానికి బదులు గణనీయమైన వేగాన్ని తెచ్చారు. మా బైనరీ పాత ముద్రనే అడిగినా, కొత్త లైబ్రరీలో ఆ ముద్ర వెనుక ఉన్నది కూడా కొత్త లెక్కే. వెర్షన్ ముద్ర ఇంటర్‌ఫేస్‌కు హామీ ఇస్తుంది గానీ చివరి బిట్‌కు కాదు. ఫలితాల ఫైళ్లను అక్షరం అక్షరం పోల్చే పాత పరీక్షను తీసేసి, కొలతకు తగిన సహన పరిమితితో పోల్చేదాన్ని పెట్టాం. గతంలో సైట్ల మధ్య ఫలితాలు ఎందుకు కలవడం లేదంటూ వచ్చిన ఒక పాత ఫిర్యాదుకు కూడా దీంతో జవాబు దొరికింది.

ఇప్పుడు నాలుగు సిస్టంలకూ ఒకటే ఫైల్ వెళ్తోంది. 64 బిట్ ఆర్మ్ మెషీన్లకూ విడుదల కావాలని ఈ మధ్య అడిగారు. ఆ ఆర్కిటెక్చర్‌కు జీలిబ్‌సీ మద్దతు మొదలైందే 2.17తో కనుక నేలమట్టం అక్కడా అదే. సీ ప్లస్ ప్లస్ 20లోని కొన్ని సౌకర్యాలు జీసీసీ 10లో అరకొరగా ఉన్నాయని బృందంలో అసహనం ఉంది. తనిఖీ స్క్రిప్ట్‌లో నేలమట్టం సంఖ్య ఒకే చోట, ఒకే పంక్తిలో ఉంది. చివరి సెంట్‌ఓఎస్ 7 మెషీన్ తప్పుకున్న రోజున దాన్ని 2.28గా మార్చి, ఆల్మాలినక్స్ 8 మీద ఆధారపడిన ఇమేజ్‌కు వెళ్తాం. అంతవరకూ ఆ పంక్తి పక్కన కామెంట్‌లో, 2.17 మీద ఇంకా నడుస్తున్న సైట్ల జాబితా ఉంటుంది.